కాగితపు గుజ్జు: డైజెస్టర్ నుంచి హైడ్రాపల్పర్ దాకా

కలపలోని సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం అంటిపెట్టి ఉంచుతుంది. ఆ పట్టు వదిలించడమే గుజ్జు తయారీ. రసాయన పద్ధతిలో ఈ పని చేసేది డైజెస్టర్, ఒక రకంగా పెద్ద ప్రెషర్ కుక్కర్. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ కలిసిన వైట్ లిక్కర్‌లో కలప ముక్కలను సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికిస్తారు. ఇదే క్రాఫ్ట్ పద్ధతి. దీన్ని 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ కనుగొన్నాడు. పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే: సల్ఫేట్ పద్ధతి అన్నా ఇదే, సల్ఫైట్ పద్ధతి మాత్రం వేరు.

ఉడికాక మిగిలిన బ్లాక్ లిక్కర్‌ను పారబోయరు. చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. ఆవిరి, విద్యుత్తుతో పాటు వాడిన రసాయనాలూ తిరిగి చేతికొస్తాయి. క్రాఫ్ట్ పద్ధతి నిలదొక్కుకోవడానికి ఇది పెద్ద కారణం.

ఇక యాంత్రిక పద్ధతి. దుంగలను తిరిగే రాతిపై అరగదీసే గ్రైండర్‌కు 1840లలో జర్మనీకి చెందిన కెల్లర్ ఆద్యుడు. ఈ గుజ్జులో లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. న్యూస్‌పేపర్ పసుపెక్కేది అందుకే.

పాత కాగితానికి, అట్టలకు హైడ్రాపల్పర్ వాడతారు. నీళ్ల తొట్టెలో తిరిగే రోటర్ పోగులను విడదీస్తుంది. సిరా వదిలించేందుకు గాలి బుడగలతో ఫ్లోటేషన్ చేస్తారు. తర్వాత రిఫైనర్ పళ్లేల మధ్య పోగులను నలిపితే కాగితానికి బలం వస్తుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో కాగితపు మిల్లులున్న ఊళ్లు: కాగజ్‌నగర్, సారపాక, రాజమహేంద్రవరం. ముడిసరుకుగా సుబాబుల్, సరుగుడు పేర్లు గుర్తుంచుకోండి.