వరి ఎండాకు తెగులు: గాదె తలుపు తీయించు దొంగ



ఊడ్పులైన కొన్ని వారములకు వరి ఆకుల కొనలు పసుపుబారి, అంచుల వెంబడి అలలవలె క్రిందివరకు ఎండుచు వచ్చుట మీరు చూచియే యుందురు. పైరునకు బలము చాలలేదని తలంచి మరియొక బస్తా యూరియా చల్లువారు పెక్కుమంది. అట్లు చల్లిన మడులే మరింత త్వరగా ఎండుట నేను పలుమారులు కన్నులార చూచితిని. అది పైరు ఆకలి కాదు, బాక్టీరియా ఎండాకు తెగులు. జపాను దేశపు రైతులు దీనిని 1884లోనే కనుగొనిరి.

దీనిని గుర్తించుట సులభము. ఎండిన భాగమును పచ్చని భాగమును కలియుచోట ఆకును కత్తిరించి, గాజు గ్లాసులోని తేటనీట ముంచి యుంచుడు. కొంతసేపటికి కోసిన చోటనుండి పాలవంటి ధార దిగినచో అది ఈ తెగులే. ఆ ధార యంతయు సూక్ష్మజీవుల సమూహము.

ఈ జీవి ఆకుపొరను చీల్చుకొని పోజాలదు. ఆకు అంచున నీటిని విడుచు సన్నని రంధ్రములును, గాలివాన చేసిన గాట్లును, నారు కొనలు త్రుంచిన గాయములును దానికి ద్వారములు. లోపల చేరి, నీటిని మోయు నాళములలో అది పెంపొందును. కాని మొక్కయొక్క చక్కెర కణముల లోపల నున్నది. సూక్ష్మజీవి కణముల వెలుపల నున్నది. బయటనున్న దొంగకు గాదెలోని ధాన్యము ఎట్లు చిక్కును?

అందుకై దానికి కొన్ని స్రావ యంత్రములు కలవు. శాస్త్రజ్ఞులు వీనిని సంఖ్యలతో పిలుతురు. రెండవ రకపు యంత్రము కణపు గోడను కరగించు పదార్థములను బయటికి విడుచును. గోడ దెబ్బతినుటను పసికట్టి మొక్క ఎదిరింపునకు సిద్ధపడును. అప్పుడు మూడవ రకపు యంత్రము అక్కరకు వచ్చును. ఇది బోలు సూదివంటిది. దీనిద్వారా సూక్ష్మజీవి తన మాంసకృత్తులను తిన్నగా వరి కణములోనికి ఎక్కించును. వానిలో కొన్ని మొక్క ఎదిరింపును అణచును. మరికొన్ని కణ కేంద్రకమును చేరి, చక్కెరను వెలికిపంపు జన్యువును మేల్కొల్పును. ఇట్లు యజమాని చేతనే దొంగ గాదె తలుపు తీయించును. ఈ సూదిని నిర్మించుకొనలేని సూక్ష్మజీవులను ఆకులోనికి ఎక్కించినను తెగులు పుట్టదు.

కావున తాళము మార్చుటయే ఉత్తమ మార్గము. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి రుచికి పేరుగాంచినను ఈ తెగులునకు సులభముగా లొంగును. హైదరాబాదునందలి వరి పరిశోధనాలయమువారును, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారును సంకరణముచేత దానిలో మూడు నిరోధక జన్యువులను చేర్చిరి. ఈ మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలయ్యెను. ఒక జన్యువువలన తాళపుచెవి పట్టు చోటు మారిపోవును. రెండవదానివలన లోనికి ఎక్కిన మాంసకృత్తుల పని మందగించును. అడవి వరినుండి వచ్చిన మూడవది, మొదటి రకపు యంత్రముద్వారా శత్రువు విడుచు పదార్థమును పసికట్టు కావలివాడు. ఒక్క తాళమునే నమ్మిన, దొంగ క్రొత్త చెవి చేసికొనును. మూడింటిని ఒకేమారు దాటుట కష్టము.

విత్తనము మార్చినను ఈ జాగ్రత్తలు విడువరాదు:

1. నారు కొనలు త్రుంచరాదు.
2. నత్రజనిని దఫాలుగా వేయవలెను. తెగులు కనబడినచో పైపాటుగా యూరియా చల్లుట నిలుపవలెను.
3. తెగులు మడినీటిని ప్రక్కమడికి విడువరాదు. ఆకు తడిగానున్నపుడు ఆ మడిలో తిరుగరాదు.
4. తెగులు పొలపు ధాన్యమును విత్తనమునకు ఉంచరాదు.

మూడవ నియమము ఒక్కని వలన సాగునది కాదు. ఎగువవాని అజాగ్రత్త దిగువవాని పంటను కాల్చును. కావున ఒక బోదె క్రింది సభ్యులందరును కూడి, నారుమళ్లకు ముందే తమ సంఘముద్వారా నిరోధక విత్తనమును తెప్పించుకొనుట శ్రేయము.