హుస్సేన్ సాగర్: ముందు చెరువు, తర్వాతే ఊరు

పిల్లలూ! సెలవులకి హైదరాబాదు వెళ్తే సాయంత్రం పూట మనవాళ్ళంతా చేరే చోటు ట్యాంక్ బండ్. మన మత్రా కార్నిష్ లాగే నీళ్ళు, గాలి, దీపాలు. కాకపోతే మత్రాలో ఉన్నది సముద్రం, అక్కడున్నది మనుషులు కట్ట వేసి నిలిపిన నీరు. ట్యాంక్ బండ్ అంటే తెలుగులో చెరువు కట్టే!

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో దీన్ని కట్టారు. చార్మినార్ 1591 నాటిది. అంటే ఊరికంటే చెరువే వయసులో పెద్దది. ఈ సుల్తాను తెలుగు కవులను ఆదరించాడు. వాళ్ళు ఆయన్ని మల్కిభరాముడు అన్నారు.

నీటి మధ్యనున్న బుద్ధుడిది ఏకశిలా విగ్రహం. 1990 మార్చిలో తీసుకెళ్తుండగా మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. చూసేవాళ్ళంతా బుద్ధుణ్ణే చూస్తారు గానీ, నా దృష్టిలో అసలు ఇంజనీరింగ్ కాళ్ళ కింది కట్టలోనే ఉంది.

ఒకప్పుడు తాగునీరిచ్చిన ఈ చెరువులో తర్వాత మురుగు, ఫ్యాక్టరీల నీరు కలిశాయి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చుకుని తాగే మస్కట్ పిల్లలకి అదెంత నష్టమో వేరే చెప్పాలా?

అభ్యాసం: కట్ట, తూము, అలుగు అంటే ఏమిటో తాతయ్యనో అమ్మమ్మనో ఫోన్లో అడిగి రాసుకురండి. వాళ్ళ ఊరి చెరువు పేరు కూడా అడగండి.