ముద్ద అడుగున, లోపం పైన

ప్రశ్న: కాలితో తొక్కే పాత కుట్టు మిషను మాది. కుప్పడం చీరల మీదికి జాకెట్లు కుడుతుంటే బట్ట అడుగున దారం ముద్దలు కడుతోంది. బాబిన్ మార్చినా తగ్గలేదు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, చీరాల

జవాబు: అడుగున ముద్ద కడితే అందరూ బాబిన్‌నే అనుమానిస్తారమ్మా. నూటికి తొంభై పాళ్లు తప్పు పైదారానిదే. బట్టను నొక్కే పాదం దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు, పైపైనే జారుతుంది. పాదం పైకెత్తి, బిళ్లల మధ్య పాత దారప్పోగులుంటే తీసేసి, మొదటి నుంచి ఎక్కించండి. కుట్టడం మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి. చక్రం వెనక్కి తిరిగినా చిక్కు పడుతుంది.

సూది కూడా చూడండి. జరీ అంచు మీద నడిచిన సూది మొన త్వరగా మొద్దుబారుతుంది. నూలు జాకెట్టుకు 14, పలచని పట్టుకు 11 నంబరు చాలు. సూదికున్న పొడవాటి గాడి, దారం దూర్చే వైపే ఉండాలి.

గంజి పెట్టిన కొత్త నేత బట్ట నూగు బాగా రాలుస్తుంది. షటిల్ విప్పి బ్రష్‌తో దులపండి. వాడరేవు సముద్రపు గాలి తగిలే ఊరు కదా, తుప్పు తొందరగా పడుతుంది. వారానికోసారి మిషను నూనె చుక్క వేసి, చిత్తుగుడ్డ మీద కాసేపు కుట్టండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురై బిగుసుకుంటుంది. ఇంత చేసినా తగ్గకపోతే షటిల్ కొన అరిగిందేమో మెకానిక్‌కి చూపించండి.