రైలుదారి దాటునపుడు

2014వ సంవత్సరము జూలై 24వ తేదీ ఉదయమున మెదకు జిల్లా మాసాయిపేటయొద్ద, కాపలాలేని లెవెల్ క్రాసింగును దాటుచుండిన బడిబస్సును రైలు ఢీకొనగా ననేక బాలబాలికలు మృతినొందిరి.

గంటకు 72 కిలోమీటర్లు పోవు రైలు సెకనుకు 20 మీటర్లు సాగును. కావున 400 మీటర్ల దూరమునఁ గనఁబడినది 20 సెకనులలో మనమీఁదికి వచ్చును. డ్రైవరు బ్రేకు వేసినను అంత బరువుగల బండి వెంటనే నిలువఁజాలదు. ఆగవలసినవారము మనమే.

కాపలాలేనిచోట మోటారుబండి నాపి, ఒకరు దిగి నడచి, ఇరువైపుల రైలు రాకుండుట చూచిన పిమ్మటనే దాటవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. 2019 నాటికి బ్రాడ్‌గేజి మార్గములలోని కాపలాలేని క్రాసింగులన్నియుఁ దొలఁగింపఁబడినవి. అయినను మూసిన గేటుక్రింద దూరు విద్యార్థిని ఏ చట్టము కాపాడఁగలదు?

తల్లిదండ్రులు పిల్లలను పది నిమిషములు ముందుగాఁ బంపవలెనని కోరుచున్నాము. తొందర లేనివాఁడు గేటువద్ద నోర్పుతో నిలుచును.