ప్రశ్నను కుదించుకునే నేర్పు

డిగ్రీ చదివే విద్యార్థి ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో పరిశోధన ప్రాజెక్టును చేపట్టి, దానిని గడువులోగా ముగించి, తాను చెప్పిన ప్రతి మాటకూ ఆధారం చూపగలగడం వ్యక్తిత్వ వికాసంలో ఒక ముఖ్య ఘట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక మొదటి సంవత్సరం తరువాత 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేయడంతో ఈ అవకాశం నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాల విద్యార్థులకూ అందింది. విద్యార్థి ఊరిలోకి వెళ్లి అక్కడి స్థితిగతులను సర్వే చేస్తాడు, ఏ రోజు పని ఆ రోజే లాగ్‌బుక్‌లో రాసుకుంటాడు, చివరకు మార్గదర్శి అయిన అధ్యాపకునికి నివేదిక సమర్పిస్తాడు.

ఈ ప్రాంతంలో విషయాలకు కొదవ లేదు. కుందేరు పరీవాహకంలోని నల్లరేగడి, కర్నూలు-కడప (కె.సి.) కాలువ ఆయకట్టు, 1906 నుంచి పనిచేస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం, అహోబిలం యాత్రికులు, ఆళ్లగడ్డ శిల్పులు: వీటిలో ఏది తీసుకున్నా జీవితకాలం చాలదు. చాలా ప్రాజెక్టులు దెబ్బతినేది కూడా ఇక్కడే. ‘ఆళ్లగడ్డ శిల్పుల జీవన స్థితిగతులు’ అని శీర్షిక పెట్టుకున్న విద్యార్థి ఆదాయం, ఆరోగ్యం, చదువు, అప్పులు, మార్కెట్టు అన్నింటినీ తడిమి, ఏ ఒక్కదాని గురించీ గట్టిగా చెప్పలేక, తెలిసిన మాటలతోనే పేజీలు నింపుతాడు. అదే విద్యార్థి ‘విగ్రహ తయారీలో ఏ దశ వరకు యంత్రం వాడుతున్నారు, ఏ దశ నుంచి ఉలి తప్పనిసరి అవుతోంది, అలా ఎందుకు?’ అని అడిగితే, పది శిల్పశాలలు తిరిగి, రాయిని కోయడం నుంచి కనుముక్కు తీర్చడం వరకు ఒక్కొక్క పనినీ దగ్గరుండి చూసి, నమ్మదగిన సమాధానం తేగలడు. ఇలా కుదించిన ప్రశ్ననే పరిశోధన ప్రశ్న అంటారు. ఇష్టమైన పెద్ద విషయాన్ని వదులుకొని, చేతనైన చిన్న విషయాన్ని పూర్తిగా పట్టుకోవడానికి కావలసిన నిగ్రహం ఏ ఉపన్యాసం విన్నా అలవడేది కాదు.

ఆ నిగ్రహాన్ని నేర్పేది మార్గదర్శి. ‘శిల్పుల పిల్లలలో ఎక్కువమంది ఈ వృత్తిలోకి రావడం లేదు’ అని రాసుకొచ్చిన విద్యార్థిని ‘ఎంతమందిని అడిగావు? పెద్ద శిల్పశాలల యజమానులనేనా, కూలికి చెక్కేవారిని కూడానా?’ అని అధ్యాపకుడు నిలదీసినప్పుడు, అది మొదట అవమానంగానే తోస్తుంది. నమూనా, అంటే అందరినీ అడగలేనప్పుడు అందరి తరఫున ఎంచుకున్న కొందరు, ఒకవైపే మొగ్గితే ఫలితమూ అటే మొగ్గుతుందని ఆ ప్రశ్నతోనే అర్థమవుతుంది. రాతను దిద్దడం తనను చిన్నబుచ్చడం కాదని గ్రహించిన విద్యార్థి, ఎర్ర సిరాతో నిండిన పేజీని మర్నాడే తిరగరాసి తెస్తాడు. ‘సార్, ఇది నాకు తెలియలేదు’ అని సంకోచం లేకుండా అంటాడు. కోపగించుకోకుండా దిద్దే అధ్యాపకుడు దొరకడం విద్యార్థి భాగ్యం కనుక, కళాశాలలు మార్గదర్శులకు తగినంత సమయం కేటాయించడం అత్యవసరం.

ఆధారం ఎంతవరకు ఉంటే మాట అంతవరకే సాగాలన్న నియమానికి నంద్యాల జిల్లాలోనే ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 సంవత్సరాల క్రితం వెదజల్లిన బూడిద పొర కనిపిస్తుంది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరులు ఆ పొరకు కింద, పైన దొరికిన రాతి పనిముట్లను పోల్చి, వాటి మధ్య సాదృశ్యం ఉందని 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అంత విస్ఫోటనం తరువాత కూడా ఇక్కడ మానవ జీవనం కొనసాగిందనడానికి ఇది సూచన అని వారు భావించగా, ఆ పనిముట్లను చేసినవారెవరన్న దానిపై పండితుల మధ్య వాదాలు నడిచాయి. పనిముట్లు ఒకేలా ఉన్నాయనడం పరిశీలన, చేసినవారు ఫలానావారనడం అనుమితి. ఈ రెండింటినీ వేరువేరు వాక్యాలలో రాయడం డిగ్రీ స్థాయిలోనే అలవాటు కావాలి.

నివేదికను కళాశాలలో అప్పగించడంతో పని ముగిసిందనుకోవడం సరికాదు. సమయమిచ్చి పనిముట్లు చూపిన శిల్పులకు దానిని చదివి వినిపిస్తే, ఒక ఉలి పేరు తప్పుగా పడిందనో, ఒక దశ జారిపోయిందనో వారు చెబుతారు. ఆ సవరణలు చేర్చిన ప్రతినే గ్రంథాలయంలో భద్రపరచాలి, మరుసటి ఏడాది విద్యార్థి అక్కడి నుంచే మొదలుపెడతాడు.