టీకా వేయించండి, సూది మార్చించండి

తొలకరికి ముందు పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, గొర్రెలకు చిటుకు రోగం టీకా వేయించాలని రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈసారి చెప్పవలసింది సూది గురించి. ఒకే సూదితో మందంతటికీ పొడుచుకుంటూ పోతే, ఒకదాని రక్తం కంటికి ఆననంతైనా మరోదాని ఒంట్లోకి చేరుతుంది. ఆ కాస్తే చాలు అనుకునేవి రెట్రోవైరస్‌లు. ఆవుల్లో ల్యూకోసిస్, గుర్రాల్లో అంటు రక్తహీనత, గొర్రెల్లో మేడి-విస్నా, మేకల్లో మోకాళ్లు వాచే కీళ్లజబ్బు ఈ వైరస్‌ల వల్ల వచ్చేవే. ఇవి తమ జన్యుపదార్థాన్ని పశువు కణాల జన్యువుల్లోనే అతికించేస్తాయి. అందుకే ఒకసారి సోకితే బతికున్నన్నాళ్లూ వదలవు. నయం చేసే మందు లేదు, మన దగ్గర వేయించుకునే టీకా కూడా లేదు.

పశువు నిగనిగలాడుతోంది, మేత మేస్తోంది, దానికేం జబ్బు అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ల్యూకోసిస్ సోకిన ఆవుల్లో ఎక్కువ భాగం ఏ లక్షణమూ చూపవు. సుమారు మూడో వంతు వాటిలో రక్తంలోని తెల్లకణాలు పెరుగుతాయి. కంతులు లేచేది నూటికి ఐదింటికి లోపే, అదీ సాధారణంగా మూడేళ్లు దాటాక. మిగతావన్నీ పాలిస్తూనే వైరస్‌ను మోస్తుంటాయి. కంటిచూపును నమ్ముకుంటే ఏమవుతుందో ఐస్‌లాండ్ చవిచూసింది. 1933లో ఆ దేశం జర్మనీ నుంచి 20 కారకుల్ గొర్రెలను తెప్పించి, రెండు నెలలు విడిగా ఉంచి, బాగానే ఉన్నాయని రైతులకు పంచింది. వాటితో పాటు మేడి, ఊపిరితిత్తుల్లో కంతులు పెట్టే జాగ్‌సీక్టే అనే మరో రెట్రోవైరస్ జబ్బు దిగాయి. మేడి బయటపడటానికి ఏళ్లు పట్టింది. చివరికి లక్షల గొర్రెలను వధించి, 1965 నాటికి గానీ మేడిని వదిలించుకోలేకపోయారు. విడిగా ఉంచడం మంచిదే, కానీ ఏళ్ల తరబడి దాగే జబ్బును వారాల్లో కంటితో పట్టలేం. సంతలో కొన్న పశువుకు రక్తపరీక్ష ఒక్కటే దారి.

గొర్రెలు, మేకల్లో ఈ వైరస్‌లు ముఖ్యంగా ముర్రుపాలతో, దగ్గు తుంపర్లతో పాకుతాయన్నది నిజమే. ఆవులు, గుర్రాల సంగతి వేరు. వాటిలో ప్రధాన వాహనం రక్తం. వానాకాలంలో జోరీగ ఒక గుర్రాన్ని కుట్టి, తోక దెబ్బకు లేచి, పక్కదాని మీద వాలి జబ్బు అంటిస్తుంది. జోరీగ మూతికి అంటే రక్తం కంటే సూదిలో మిగిలేది చాలా ఎక్కువ. 2006లో ఐర్లండ్ గుర్రాల్లో రక్తహీనత ప్రబలినప్పుడు, ఇటలీ నుంచి తెచ్చి ఎక్కించిన ప్లాస్మాయే మూలమని తేలింది. అక్కడ ఈగ కంటే ముందు మనిషి చెయ్యే ఉంది.

మన ఊళ్లో ఈ జబ్బుల పేరే వినలేదంటారు. పరీక్ష చేయనిచోట పేరు వినపడదు. పోనీ మీ కొట్టంలో ఈ వైరస్‌లు లేవనే అనుకుందాం, అనాప్లాస్మా, సర్రా కూడా ఈ సూది మీదే ప్రయాణం చేస్తాయి. ఖర్చు మాటంటారా, పాడిగేదె ధర పక్కన సూది ధర పెట్టి చూడండి. ఇంత గొడవుంటే టీకాయే మానేస్తే పోలేదా అనడం మాత్రం ఒప్పుకోలేను. గొంతువాపు ఒకటి రెండు రోజుల్లోనే పశువును తీసుకుపోతుంది. కాబట్టి టీకా ఆపకండి, పశువుకో సూది వాడించండి. మందు లాగడానికి సీసాకు ఒక సూది విడిగా గుచ్చి ఉంచాలి. పొడిచిన సూదినే సీసాలో ముంచితే మందంతా పాడవుతుంది. కొమ్ములు తీసే పనిముట్లు, చెవిపోగుల శ్రావణం, చూడి పరీక్ష తొడుగులకూ ఇదే జాగ్రత్త. టీకాలు వేసేవారు వచ్చే ముందురోజే కొట్టంలో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టి, అన్ని సూదులు కొని ఉంచండి.