గోల్ఫు దెబ్బలో లయయు క్రమమును

గత వేసవిలో మా పాఠశాల ఏడవ తరగతి బాలుడొకడు ఒక గోల్ఫు శిక్షణ శిబిరపు ఎంపికకు పోయి, ఎంపిక కాక తిరిగివచ్చెను. వాని తండ్రి బెంగుళూరులోని ఒక మైదానమున కేడీ. అనగా ఆడువారి కర్రల సంచిని మోయుచు, గాలివాటమును దూరమును చెప్పుచు వెంట నడచువాడు. ఆనాడు తండ్రికి సెలవు దొరకనందున బాలునికి తోడుగా మేము పోయితిమి. వాడు కర్ర ఎత్తిన ప్రతిసారియు మేము వెనుకనుండి "గట్టిగా కొట్టరా, ఇంకా గట్టిగా!" అని హెచ్చరించుచుంటిమి. పది బంతులలో ఏడు కుడివైపు చెట్లలోనికి పోయినవి. దోషము బాలునిది కాదనియు, మాదేననియు మాకు తరువాత తెలిసినది. ఈ ఆట నేర్చుకొనగోరు పిల్లలు మన పాఠశాలలో మరికొందరు కలరు గనుక, మేము ఆలస్యముగా నేర్చుకొన్న సంగతిని తలిదండ్రుల యెదుట ఉంచుచున్నాము.

గోల్ఫు స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. తెల్లదొరలతో మన దేశమునకు వచ్చినది. కలకత్తాలో 1829లోను, బెంగుళూరులో 1876లోను గోల్ఫు క్లబ్బులు వెలసినవి. చిరకాలము మనవారికి ఈ ఆటతోగల సంబంధము సంచి మోయుటయు గడ్డి కోయుటయు మాత్రమే. ఇప్పుడు సంచి మోసినవాని బిడ్డ తానే కర్ర పట్టు కాలము వచ్చినది. బెంగుళూరు యువతి అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినది. పతకమునకు ఒక్క దెబ్బ మాత్రమే తక్కువయైనది. ఆ పోటీలో బంతిని మిక్కిలి దూరము కొట్టువారిలో ఆమె లేదు. దూరమే సర్వమని తలచు తండ్రులు ఈ విషయము గుర్తుంచుకొనవలెను. (మేమును అట్టివారలమే అయియుంటిమి.)

క్రికెట్టులో బంతి మనమీదికి వచ్చును. గోల్ఫులో బంతి గడ్డిమీద కదలక కూర్చుండును. తొందరపెట్టువారెవ్వరును లేరు. అయినను ఈ ఆటలో తొందరపడనివాడు అరుదు. కర్ర బంతిని తాకియుండు కాలము ఒక సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ క్షణమున ఆడువాడు చేయగలిగినది ఏమియు లేదు. చేయవలసినదంతయు అంతకుముందే జరిగిపోయి యుండును. కావున ఈ విద్య యావత్తు కర్రను పైకెత్తుటలోను, క్రిందికి దింపుటలోను ఉన్నది. వీనిని మేమిక్కడ ఎత్తు, దింపు అని పిలుతుము.

మొదట లయ. అమెరికాలో జాన్ నొవోసెల్ అనునాయన ప్రసిద్ధ ఆటగాండ్ర వీడియో చిత్రములను బొమ్మవెంట బొమ్మగా లెక్కించి, 2004లో ఒక పుస్తకము ప్రకటించెను. సెకనుకు ముప్పది బొమ్మల చొప్పున లెక్కింపగా, కొందరికి ఎత్తు 21 బొమ్మలు, దింపు 7. కొందరికి 24, 8. మరికొందరికి 27, 9. వేగములు వేరైనను పాలు ఒక్కటే: ఎత్తునకు మూడు వంతులు, దింపునకు ఒక వంతు. 24, 8 అను లెక్కలో ఎత్తునకు సెకనులో పదింట ఎనిమిది వంతులు, దింపునకు పావు సెకనుకు కొంచెము పైగా పట్టును. చూచువారికి నిదానముగా కనిపించు పెద్ద ఆటగాడు నిజమునకు అంత నిదానము కాడు. వాని తొందర తొందరగా కనబడదు, అంతే. అందుచేత పిల్లవానికి "మెల్లగా కొట్టు" అని చెప్పుటయు "గట్టిగా కొట్టు" అని చెప్పుటయు రెండును తప్పే. మెల్లగా ఎత్తి ఎత్తి, చివరకు విసుగు పుట్టి ఒక్కసారిగా లాగు పిల్లలను మేము అనేకులను చూచితిమి.

సంగీతము నేర్చుకొను పిల్లలున్న ఇండ్లలో దీనిని తెలుపుట మిక్కిలి సులభము. "తకధిమి" అను నాలుగక్షరములను సమముగా పలుకవలెను. మొదటి "త" వద్ద కర్ర కదలవలెను. "మి" వద్ద ఎత్తు ముగిసి దింపు మొదలు కావలెను. మరుసటి "త" వద్ద బంతి తగులవలెను. ఎత్తునకు మూడు, దింపునకు ఒకటి, సరిపోయినది. నాలుగక్షరములకును కలిపి ఒక సెకనుకు ఇంచుక పైగా పట్టును. చురుకైన పిల్లలకు అంతకంటె తక్కువ కావచ్చును. మొదట కర్ర లేకుండ, చేతులు కలిపి ఊపుచు పలికించుట మేలు.

లయ కుదిరినంత మాత్రమున చాలదు. ఏ అంగము ముందు, ఏది వెనుక అను క్రమము కావలెను. ఎడ్లబండి తోలువాడు చర్నాకోలను విసరుట చూచినవారికి ఇది తెలియనిది కాదు. వాని చేయి ముందు కదలి, ముందే ఆగును. ఆగిన చేతినుండి వేగము కోలకు, కోలనుండి తాటికి, తాటినుండి కొసకు పోవును. కొస చిటిల్లుమనునప్పటికి చేయి ఊరకే ఉండును. గోల్ఫులోను ఇంతే. కుడిచేతివాటపు ఆటగాని విషయమున, దింపు ఎడమ పాదముమీద బరువు పడుటతో మొదలగును. తరువాత నడుము తిరుగును. నడుము వేగము తగ్గుచుండగా రొమ్ము, భుజములు. అవి తగ్గుచుండగా చేతులు. కట్టకడపట మణికట్లు విడివడి కర్ర తల అన్నిటికంటె వేగముగా బంతిని చేరును. ఇప్పటి యంత్రములు ఒక్కొక్క అంగపు వేగమును గీతలుగా గీసి చూపుచున్నవి. నేర్పరుల గీతలలో శిఖరములు ఈ వరుసలోనే ఒకదానివెంట ఒకటి వచ్చును.

ఇది యంత్రములు వచ్చిన తరువాత పుట్టిన మాట కాదు. బెన్ హోగన్ అను అమెరికా ఆటగాడు 1957లో వెలువడిన తన పాఠముల పుస్తకములో దింపును తుంటితో ఆరంభింపవలెనని నొక్కి చెప్పెను. 1968లో కాక్రన్, స్టాబ్స్ అను ఇరువురు ఇంగ్లండునందు జరిగిన శాస్త్ర పరిశోధనను పుస్తకముగా వెలువరించి, చేతులును కర్రయును మణికట్టువద్ద కీలుపడిన రెండు దండములవలె ఊగునని వివరించిరి. కీలు తనంతట తాను సరియైన వేళకు విచ్చుకొనవలెను. ముందే విప్పినచో వేగమంతయు బంతిని చేరకమునుపే గాలిలో వ్యయమగును.

ఎంపిక ముగిసిన మరునాడు బాలుని తండ్రి తోడి కేడీ, కోలారు ప్రాంతపు వృద్ధుడొకాయన, వాని ఆటను చూచి మాతో ఇట్లనెను: "సార్, పిల్లోడు పైనుంచి చేతుల్తో దిగతా ఉండాడు. ముందర కాలు దిగల్ల గదా. యాల తొందర? బాలు యాడికీ పోదు." ఆయన చదువుకొన్నవాడు కాడు. కాని మేము పుస్తకములలో వెదకుకొన్నదంతయు ఆ నాలుగు ముక్కలలో ఉన్నది. గట్టిగా కొట్టుమని మేము కేక వేయగానే బాలుని మనస్సు చేతులలోనికి పోయినది. ఎత్తు ముగియకమునుపే భుజములు ముందుకు దూకినవి. కర్ర వెలుపలినుండి లోపలికి అడ్డముగా వచ్చి బంతిని కోసినది; బంతి కుడికి వంగినది. బలము పెరిగినకొలది ఆ వంపును పెరిగినది.

ఆయన చెప్పిన అభ్యాసములే ఇప్పుడు చేయించుచున్నాము. పాదములు రెండును దగ్గర చేర్చి సగము ఊపుతో కొట్టుట ఒకటి. చేతులు ముందు దూకినచో పిల్లవాడు తూలును, ఎవరును దిద్దనక్కరలేదు. రెండవది అడుగు వేయుట. పాదములు చేర్చి నిలిచి కర్రను ఎత్తి, అది పైకి పూర్తిగా చేరుటకు క్షణము ముందే ఎడమ పాదమును గురివైపునకు వేసి, తరువాత దింపవలెను. మొదటి దినములలో ఇది నవ్వు పుట్టించును. వారము రెండు వారములకు నడుము తన వంతు తాను నేర్చుకొనును. మాకు మిక్కిలి నచ్చినది మాత్రము చప్పుడు వినుట. కర్రను తలక్రిందులుచేసి, తలవైపు పట్టుకొని, పిడిని గాలిలో ఊపవలెను. "సుయ్" అను ధ్వని బంతి ఉండవలసిన చోటనో, దానిని దాటిన తరువాతనో వినిపించినచో క్రమము సరియైనది. కుడి భుజమువద్దనే వినిపించినచో మణికట్లు ముందే విడిపోయినవని అర్థము. దీనికి మైదానముతో పనిలేదు, బంతితో పనిలేదు, రుసుముతో పనిలేదు. పెరడు చాలును, దగ్గరలో మరియొక బిడ్డ లేకుండ మాత్రము చూచుకొనవలెను.

కర్రను గూర్చి ఒక మాట. పెద్దల పాత కర్రను కోసి పొట్టిచేసి పిల్లలకిచ్చుట మనలో అలవాటు. ఖర్చు కలిసివచ్చును, నిజమే. కాని కోసిన కర్ర పొట్టిదగునే గాని తేలికది కాదు; వంగవలసినంత వంగదు. బరువు ఈడ్వలేక పిల్లవాడు వీపును వెనుకకు వంచి, భుజముతో లాగును. ఆ దుర్లయ ఎముకలో పాతుకొనును. ఒక్కటే అయినను పిల్లల కొలతకు చేసిన కర్ర, వాడినదైనను సరే, కొనుట మేలు. అది సాధ్యము కానిచో నలుగురు పిల్లలకు కలిపి ఒకటి ఏర్పరుప ప్రయత్నించుచున్నాము.

మా బాలుడు వచ్చు వేసవిలో మరల ఎంపికకు పోవును. బంతి ఇప్పుడు మునుపటికంటె తక్కువ దూరము పోవుచున్నది, కాని ఎక్కువసారులు తిన్నగా పోవుచున్నది. తండ్రి ఆనాటికి సెలవు అడిగియున్నాడు. ఆయనకు దొరకనిచో మేమే పోయెదము. ఈసారి త్రాటికి ఇవతల నిలిచి, పెదవి కదపక, మనస్సులో "తకధిమి" లెక్కపెట్టుకొనుచుందుమని బాలునికి మాట ఇచ్చియున్నాము. వాడు మమ్ము నమ్మినట్లు తోచలేదు.